ఒకే కంచం, రెండు నాలుకలు



మీ చేతిలో ఒక కాగితం ముక్క పెట్టాలని ఉంది. రేడియోలో అది కుదరదు కాబట్టి చెబుతాను, వినండి. వేలెడు పొడవు, పావంగుళం వెడల్పు. తెల్లగా ఉంటుంది, వాసన ఉండదు. నోట్‌బుక్ అంచు కత్తిరించి పడేసిన ముక్కలా కనిపిస్తుంది. ఇలాంటివి వంద ముక్కలు ఒక చిన్న సీసాలో వస్తాయి.

డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినన్నాళ్లూ, జన్యుశాస్త్రం ప్రాక్టికల్స్ మొదలైన వారంలోనే ఆ సీసా తెరిచేదాన్ని. తలొక ముక్క ఇచ్చి, "నాలుక మీద పెట్టుకోండి. బాగా తడవనివ్వండి. పక్కవాళ్ల మొహం చూడకుండా మీకు తెలిసిన రుచి రాయండి" అనేదాన్ని. పక్కవాళ్ల మొహం చూడకుండా ఉండటం మాత్రం ఎవరివల్లా అయ్యేది కాదు. ముందు బెంచీలో అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగేవి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తేది. ఆమె పక్కన కూర్చున్న అమ్మాయి అలాంటి ముక్కనే నింపాదిగా నములుతూ, "మేడమ్, నా కాగితానికి మందు పూయడం మరిచిపోయినట్టున్నారు" అనేది. ఇద్దరివీ ఒకే సీసాలోని ముక్కలు. ఇద్దరూ ఒకే హాస్టల్లో ఉండి ఒకే మెస్సులో తింటున్నవాళ్లు.

నాకూ ఆ కాగితంలో ఏ రుచీ తెలియదు. ఒట్టి కాగితమే. అందుకే ఆ పరుగులు చూస్తే మొదట్లో కొంచెం ఎక్కువ చేస్తున్నారేమో అనిపించేది.

ఒక సాయంత్రం సంచీ సర్దుతుంటే రెండు ముక్కలు మిగిలి కనిపించాయి. అప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. "ఇది నాలుక మీద పెట్టుకో, ఏం రుచో చెప్పు" అన్నాను. పెట్టుకుంది. రెండు క్షణాలు నా వైపు చూసింది. మూడో క్షణంలో వంటింట్లోకి పరిగెత్తి సింకులో ఉమ్మేసింది. మూడుసార్లు పుక్కిలించింది. పంచదార డబ్బా తీసి ఒక చెంచా నోట్లో వేసుకుంది. కాస్త తేరుకున్నాక, "అమ్మా, నువ్వు చేసే క్యాబేజీ కూర చేదు ఇలాంటిదే. ఇది ఇంకా ఎక్కువ" అంది.

క్యాబేజీ కూర. అంతకుముందు నాలుగేళ్లుగా మా ఇంట్లో వారానికి ఒకసారి దాని మీద యుద్ధం. "చేదుగా ఉందమ్మా" అని అది, "చేదేమిటే, క్యాబేజీ చేదుగా ఉంటుందా ఎక్కడైనా? తినకుండా ఉండటానికి వంకలు" అని నేను. పెసరపప్పు వేసి, కొబ్బరి కోరు చల్లి, పోపు ఘుమఘుమలాడేలా పెట్టి, నేను రుచి చూసి మరీ వడ్డించిన కూర. నా నాలుకకు అందులో చేదు లేదు. లేనిదాన్ని ఉందని చెబుతోంది కాబట్టి అబద్ధం చెబుతోందని నా లెక్క. ఆ రోజు సింకు దగ్గర నిలబడి ఉన్న పిల్లని చూస్తే, నాలుగేళ్లుగా నేను తప్పు లెక్క వేశానని అర్థమైంది.

ఆ కాగితానికి పూసిన మందు పేరు ఫినైల్ థయోకార్బమైడ్. పొడుగు పేరు కాబట్టి అందరూ పీటీసీ అంటారు. దాని కథ 1931లో, అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో, డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో మొదలైంది. ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ పొడిని ఒక సీసాలోకి ఒంపుతున్నాడు. కొంత పొడి గాలిలోకి లేచింది. అదే గదిలో ఉన్న నోలర్ అనే సహోద్యోగి, గాలంతా చేదుగా ఉందని ఫిర్యాదు చేశాడు. పొడికి ఇంకా దగ్గరగా ఉన్న ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. వాదన పెరిగింది. ఫాక్స్ పొడి రుచి చూశాడు, ఏ రుచీ లేదన్నాడు. నోలర్ రుచి చూశాడు, భరించలేనంత చేదన్నాడు. ఇద్దరూ కలిసి తెలిసినవాళ్లందరి నాలుకల మీదా కాస్త కాస్త వేసి చూశారు. లోకం రెండుగా చీలింది: చేదన్నవాళ్లు, ఏమీ లేదన్నవాళ్లు. వయసుతో గానీ, ఆడామగా తేడాతో గానీ ఆ చీలికకు సంబంధం కనబడలేదు.

ఇద్దరు మనుషులు ఒకే గదిలో నిలబడి, ఒకే గాలి పీలుస్తూ, "ఉంది", "లేదు" అని వాదించుకున్నారు. ఇద్దరిదీ నిజమే. ఇలాంటి వాదనలు ప్రతి ఇంట్లో అన్నం దగ్గర జరుగుతూనే ఉంటాయి, మనం వాటిని మొండితనం అంటాం, గారాబం అంటాం. ఫాక్స్ మాత్రం అక్కడ ఆగి, ఎందుకిలా అని అడిగాడు.

ఆల్బర్ట్ బ్లేక్‌స్లీ అనే జన్యుశాస్త్రవేత్త ఆయనతో చేతులు కలిపాడు. బ్లేక్‌స్లీ జీవితమంతా పరిశోధన చేసింది ఉమ్మెత్త మొక్క మీద. ఈ చేదు సంగతి విని మనుషుల నాలుకల వైపు కూడా దృష్టి మళ్లించాడు. శాస్త్రవేత్తల మహాసభ ఒకటి జరుగుతుంటే అక్కడే పరీక్ష పెట్టి 2,550 మందికి రుచి చూపించారు. 28 శాతం మందికి ఏ రుచీ తెలియలేదు. మూడింట రెండు వంతుల మంది చేదన్నారు. మిగిలిన కొద్దిమంది ఇంకేవో రుచులు చెప్పారు. 1932లో వాళ్లిద్దరూ రాసిన వ్యాసానికి పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే 'మన వేర్వేరు రుచి లోకాలు'. ఎంత సరైన పేరు! ఈ గుణం తరాల వెంట ఒక పద్ధతిలో దిగుతోందని కూడా ఆ రోజుల్లోనే తేలింది. చేదు తెలియడం బహిర్గత లక్షణం, తెలియకపోవడం అంతర్గత లక్షణం. మెండెల్ బఠానీల్లో చూసిన లెక్కే దాదాపుగా మనుషుల నాలుకల మీద కనిపించింది.

ఇక అక్కడినుంచి ఈ పొడి ప్రపంచమంతా తిరిగింది. మన దేశంలో మానవశాస్త్ర విభాగాలవాళ్లు దీన్ని రక్తవర్గాల పరీక్షతో పాటు ఊళ్లకు మోసుకెళ్లారు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిశోధకులు తెలుగునాట ఎన్నో సమూహాల మధ్య ఈ పరీక్ష చేశారు. కాగితంతో కాక ద్రావణాలతో చేసే పద్ధతి ఒకటుంది. 1949లో హారిస్, కాల్మస్ అనే ఇద్దరు రూపొందించింది. ఎనిమిది గ్లాసులు ముందు పెడతారు. నాలుగింటిలో మంచినీళ్లు, నాలుగింటిలో పీటీసీ కలిపిన నీళ్లు. చూడటానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. చేదువి ఒక పక్కకు, చప్పవి ఒక పక్కకు జరపాలి. సరిగ్గా విడదీస్తే ఇంకా పలచని ద్రావణంతో మళ్లీ మొదలు. చదువు అక్కర్లేని పరీక్ష, భాష అక్కర్లేని పరీక్ష. ఇలాంటి సర్వేలన్నీ కలిపి చూస్తే చేదు తెలియనివాళ్లు పశ్చిమ ఆఫ్రికాలో చాలా తక్కువ, భారతదేశంలో కొన్నిచోట్ల నలభై శాతం దాకా ఉన్నారని తేలింది.

అంతకుముందే, 1939లో ఎడిన్‌బరోలో ఒక చిత్రం జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ఇంకొద్ది రోజుల్లో మొదలవబోతోంది. అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభకు వచ్చిన ముగ్గురు పెద్దలు, ఫిషర్, ఫోర్డ్, హక్స్‌లీ, పీటీసీ ద్రావణం పట్టుకుని జంతుప్రదర్శనశాలకు వెళ్లారు. చింపాంజీలకు తాగించి చూశారు. కొన్ని చింపాంజీలు మొహం చిట్లించి ఉమ్మేశాయి, కొన్ని ఇంకా కావాలన్నట్టు తాగేశాయి. తెలిసినవి, తెలియనివి ఇంచుమించు మనుషుల్లో ఉన్న పాళ్లలోనే ఉన్నాయి. ఆ ఫిషర్ ఎవరో కాదు, మన సి.ఆర్. రావు గారికి కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ గురువు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ప్రపంచ గణాంకశాస్త్రంలో మొదటి వరసలో నిలిచిన రావు గారు ఆ తరువాత కొన్నేళ్లకు ఫిషర్ దగ్గర చేరారు. మనిషికీ చింపాంజీకీ ఈ తేడా ఉమ్మడి పూర్వీకుల నుంచే వచ్చి ఉంటుందనీ, లక్షల ఏళ్లుగా ప్రకృతి రెండు రకాల్నీ కాపాడుకుంటూ వస్తోందనీ ఫిషర్ బృందం అనుకుంది. ఆ ఊహ ఏమైందో కాసేపట్లో చెబుతాను.

డెబ్బై ఏళ్లు అందరూ తేడాను కొలిచారే గానీ, ఆ తేడా కచ్చితంగా ఎక్కడుందో తేల్చినవాళ్లు లేరు. 2003లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసే డెన్నిస్ డ్రేనా బృందం తేల్చింది. మన ఏడో క్రోమోజోమ్ పొడుగు భుజం చివరి వైపు ఒక చిన్న జన్యువు ఉంది. పేరు టాస్2ఆర్38. ప్రోటీన్‌కు సంకేతం రాసి ఉన్న భాగం 1,002 అక్షరాలు. అందులోంచి తయారయ్యే ప్రోటీన్‌లో 333 అమైనో ఆమ్లాలు వరుసగా పూసల్లా గుచ్చి ఉంటాయి. ఆ 333లో మూడంటే మూడు పూసల దగ్గర తేడా. 49వ స్థానంలో, 262వ స్థానంలో, 296వ స్థానంలో. చేదు తెలిసేవారిలో వరుసగా ప్రోలిన్, అలనిన్, వాలిన్. తెలియనివారిలో అలనిన్, వాలిన్, ఐసోల్యూసిన్. ముందు బెంచీ అమ్మాయి కుళాయి దగ్గరికి పరిగెత్తడానికీ, పక్క అమ్మాయి కాగితం నమిలి కూర్చోవడానికీ మధ్య ఉన్నది ప్రధానంగా ఈ మూడు పూసలు. మా ఇంట్లో క్యాబేజీ యుద్ధానికి కారణం కూడా అవే.

ఆ పూసల దండ ఏం చేస్తుందో కొంచెం నిదానంగా చెబుతాను. ఈ ప్రసంగం అసలు దాని కోసమే.

నాలుక మీద బొడిపెల్లో రుచి కణికలు ఉంటాయి. ఒక్కో కణికలో కణాలు వెల్లుల్లి రెబ్బల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కణం చుట్టూ పలచని పొర. గ్రాహకం అని పిలిచే ఈ ప్రోటీన్ ఆ పొరలో, గుడ్డలో దారం కుట్టినట్టు, బయటికీ లోపలికీ ఏడుసార్లు దూరి ఉంటుంది. కుట్టు పైవైపున ఒక చిన్న గుంట. చేదు పదార్థం అణువు వచ్చి ఆ గుంటలో కూర్చుంటుంది. అది కణం లోపలికి రాదు. గుమ్మం బయట నిలబడి కాలింగ్ బెల్ నొక్కినట్టు, అక్కడే ఉండి కబురు పంపుతుంది. అణువు కూర్చోగానే దారం మొత్తం కొంచెం మెలితిరుగుతుంది. ఆ మెలి లోపలివైపు అంటిపెట్టుకుని ఉన్న జీ ప్రోటీన్‌కు తెలుస్తుంది. రుచి కణాల్లో ఉండే ఈ రకం జీ ప్రోటీన్‌కు గస్ట్‌డ్యూసిన్ అని పేరు. అది ముక్కలై విడిపోయి కబురును ముందుకు అందిస్తుంది. కణంలో దాచి ఉన్న కాల్షియం ఒక్కసారిగా బయటపడుతుంది. దాంతో పొరలో ద్వారాలు తెరుచుకుంటాయి, నరానికి సంకేతం అందుతుంది, మెదడు "చేదు" అంటుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

పొరలో ఏడుసార్లు దూరి, జీ ప్రోటీన్ ద్వారా లోపలికి కబురు పంపే గ్రాహకాలు మన శరీరంలో చాలా ఉన్నాయి. మనిషి జన్యువుల్లో సుమారు ఎనిమిది వందలు ఈ కుటుంబానివే. కంట్లో వెలుగును పట్టేది ఈ కుటుంబంలోదే. ముక్కులో వాసనలు పట్టేవి ఈ కుటుంబంలోవే. భయపడితే గుండె దడదడలాడించేది కూడా. ఇప్పుడు వాడుకలో ఉన్న మందుల్లో మూడో వంతు పనిచేసేది వీటి మీదే. బీపీకి వేసుకునే లోసార్టాన్, తుమ్ములకు వేసుకునే సెట్రిజిన్, ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్, మూడూ ఇలాంటి మూడు వేర్వేరు గ్రాహకాల దగ్గర పనిచేస్తాయి. ఈ గ్రాహకాలు ఎలా పనిచేస్తాయో తేల్చినందుకు 2012లో రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కొబిల్కాలకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అంత పెద్ద వంశంలో మన టాస్2ఆర్38 ఒక చిన్న సభ్యురాలు.

చేదుకే ఇంత ఏర్పాటు ఎందుకంటే, ప్రకృతిలో విషాలు చాలావరకు చేదు. మొక్క కదలలేదు, పారిపోలేదు. తనను తినకుండా చేసుకోవడానికి రసాయనాలు తయారు చేసుకుంటుంది. ముష్టి గింజలో ఉన్న విషం చేదు. ఉమ్మెత్త చేదు. నోట్లో పెట్టుకున్నది మింగకముందే ఉమ్మించడం ఈ గ్రాహకాల పని. తీపికి మనకు ప్రధానంగా ఒక్క రకం గ్రాహకమే ఉంది. చేదుకు ఇరవై అయిదు దాకా ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో రకం అణువుల కోసం కాపలా కాస్తుంది.

క్యాబేజీ కుటుంబంలో గోయిట్రిన్ అనే పదార్థం పుడుతుంది. ఆకును కోసినప్పుడు, నమిలినప్పుడు కణాలు పగిలి, వేర్వేరుగా దాచి ఉన్న రెండు పదార్థాలు కలిస్తే అది తయారవుతుంది. పీటీసీకీ గోయిట్రిన్‌కీ అణువులో ఒక చోట పోలిక ఉంది. టాస్2ఆర్38 రెండింటినీ పట్టుకుంటుంది. గోయిట్రిన్ అన్న పేరే గొంతు దగ్గర థైరాయిడ్ వాచే జబ్బు నుంచి వచ్చింది. ఎక్కువ మోతాదులో అది థైరాయిడ్ పనికి అడ్డుపడుతుంది. మనం మామూలుగా తినే కూరలో ఉండే మోతాదు చూసి భయపడాల్సిన పని లేదు, క్యాబేజీ మానేయాల్సిన పని అంతకన్నా లేదు. కానీ ఆ పిల్ల నాలుక చెప్పింది ఊహ కాదు. కూరలో నిజంగా ఉన్న పదార్థం సంగతే అది చెప్పింది. నా నాలుక దాన్ని దాటేసింది.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. పీటీసీ చేదు తెలియనివాళ్లకు ఏ చేదూ తెలియదని కాదు. నాకు వేపపువ్వు చేదు శుభ్రంగా తెలుసు. ఉగాది పచ్చడి తిన్నప్పుడు మిగతా అయిదు రుచులతో పాటు చేదు నాకూ తగులుతుంది. కాకరకాయ చేదు తెలుసు, మెంతుల చేదు తెలుసు. వాటికి కాపలా వేరే గ్రాహకాలది. నా ఇరవై అయిదు గంటల్లో ఒక్కటి సరిగా మోగదు, అంతే. అలాగే మీకు కాకరకాయ ఇష్టం లేకపోతే ఈ జన్యువు మీద నింద వేయడానికి లేదు.

ఇంకొక సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. ఒక సంవత్సరం ఒక అబ్బాయి ప్రాక్టికల్స్ అయ్యాక కాగితం ముక్కలు రెండు అడిగి తీసుకెళ్లాడు. మర్నాడు క్లాసు అయ్యేదాకా కూర్చుని, అందరూ వెళ్లాక వచ్చి నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది. "మేడమ్, అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ ఏమీ తెలియలేదు. నాకు మాత్రం చేదుగా ఉంది. అంటే…" అని ఆగిపోయాడు. అంతర్గత లక్షణం ఉన్న ఇద్దరికి బహిర్గత లక్షణం ఉన్న బిడ్డ పుట్టకూడదని నేనే బోర్డు మీద రాశాను. వాణ్ణి కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడాను. ఆ మూడు పూసలు మొత్తం తేడాలో 55 నుంచి 85 శాతం దాకానే వివరిస్తాయి. ఆ పూసల పేర్ల మొదటి అక్షరాలతో పీఏవీ, ఏవీఐ అని పిలిచే రెండు ప్రధాన రూపాలే కాక, మధ్యస్థంగా ఉండే రూపాలు కూడా కొన్ని ఉన్నాయి. వయసు పెరిగితే నాలుక మందగిస్తుంది, పొగ తాగితే మందగిస్తుంది, జలుబు చేసినా తేడా వస్తుంది. చేదు తెలియదన్న తల్లిదండ్రులకు చేదు తెలిసే పిల్లలు పుట్టిన సందర్భాలు పరిశోధకులు ఎప్పుడో చూశారు. డీఎన్ఏ పరీక్షలు రాకముందు తండ్రి ఎవరో తేల్చే వివాదాల్లో ఈ రుచి పరీక్షను కూడా వాడేవారు. అది ఎంత ప్రమాదకరమైన పనో ఆ అబ్బాయి మొహం చూశాక నాకు బోధపడింది. ఆ తరువాత ఎప్పుడూ కాగితం ముక్కను కాలేజీ దాటి వెళ్లనివ్వలేదు. బోర్డు మీద రాసే సూత్రం పక్కన దాని హద్దు కూడా రాయడం అలవాటు చేసుకున్నాను.

ఫిషర్ ఊహ సంగతి చెబుతానన్నాను. 2006లో స్టీఫెన్ వుడింగ్ బృందం చింపాంజీల జన్యువు చదివింది. చేదు తెలియని చింపాంజీల్లో మనలో ఉన్న ఆ మూడు మార్పులు లేవు. వాటిలో జన్యువు మొదలయ్యే చోటే ఒక అక్షరం మారింది. "ఇక్కడినుంచి చదువు" అని చెప్పే గుర్తే చెరిగిపోవడంతో పూర్తి ప్రోటీన్ తయారు కావడం లేదు. మనిషిలో ఒక దారిలో, చింపాంజీలో ఇంకొక దారిలో, వేర్వేరుగా ఒకే ఫలితం వచ్చింది. ఫిషర్ అంతటివాడి ఊహ ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయింది. స్పెయిన్‌లోని ఎల్ సిడ్రోన్ గుహలో దొరికిన, 48 వేల ఏళ్ల నాటి నియాండర్తాల్ మనిషి ఎముకలో కూడా ఈ జన్యువును వెతికారు. ఆ మనిషికి తల్లి వైపు నుంచి ఒక రకం, తండ్రి వైపు నుంచి ఇంకొక రకం వచ్చాయి. అంటే ఆ గుహల్లో కూడా ఒకే ఆకును ఒకరు తిని, ఇంకొకరు ఉమ్మేసి ఉంటారు.

ఈ గ్రాహకం నాలుకకే పరిమితం కాదు. ముక్కు లోపల, సైనస్ గదుల గోడల మీద కూడా ఉంది. 2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని చూపించారు. సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా గుంపు కట్టేటప్పుడు తమలో తాము రసాయనాలతో మాట్లాడుకుంటాయి. ఆ మాటల్ని టాస్2ఆర్38 పట్టేస్తుంది. అక్కడ చేదని చెప్పడానికి మెదడుతో పని లేదు. కణమే నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, అది బ్యాక్టీరియాను చంపుతుంది. కణం మీద ఉన్న శైలికలు వేగంగా ఊగి మురికిని బయటికి ఊడుస్తాయి. చేదు బాగా తెలిసే రూపం ఉన్నవాళ్ల కణాల్లో ఈ స్పందన చురుకుగా ఉంది, నాలాంటివాళ్ల కణాల్లో మందంగా ఉంది. ఇది చదివిన రోజు మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. చిన్నప్పుడు కూర దగ్గర కన్నీళ్లు పెట్టించిన కాపలాదారే దాని ముక్కులోనూ కాపలా కాస్తున్నాడు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించిన పరిశోధన గురించి చెబుతాను. ఫిలడెల్ఫియాలో రుచి, వాసనల మీదే పనిచేసే మొనెల్ కేంద్రం ఉంది. జూలీ మెనెల్లా, ఆమె సహచరులు 2005లో అక్కడ తల్లుల్నీ వాళ్ల పిల్లల్నీ కలిపి పరీక్షించారు. రెండు రకాల జన్యువూ ఒక్కొక్కటి ఉన్నవాళ్లలో, పెద్దల కన్నా పిల్లలకు చేదు ఎక్కువగా తెలుస్తోంది. అంటే జన్యువు అదే అయినా పిల్ల నాలుక తల్లి నాలుక కన్నా పదును. ఇంకొక సంగతి కూడా తేలింది. చేదు తెలియని తల్లులకు, చేదు బాగా తెలిసే పిల్లలు ఉన్న ఇళ్లలో, ఆ తల్లులు తమ పిల్లల్ని ఎక్కువ భావోద్వేగం ఉన్నవాళ్లుగా, ఊరికే కలవరపడిపోయేవాళ్లుగా చెప్పారు.

ఆ వాక్యం రెండోసారి చదివాను. మా పిల్ల గురించి చుట్టుపక్కలవాళ్లతో నేను అన్న మాటలే. "మా అమ్మాయి ప్రతిదానికీ ఏడుస్తుందండీ, తిండి దగ్గర మరీను." బిడ్డ స్వభావం అని నేను అనుకున్నది, మా ఇద్దరి నాలుకల మధ్య దూరం. నాకు వినపడని గంట దానికి వినపడుతోంది. అది చెవులు మూసుకుంటే నేను పెంకితనం అన్నాను.

ఇదంతా విని పిల్లలు వద్దన్న కూర మానేయండని నేను అనడం లేదు. ఇష్టం అనేది జన్యువు ఒక్కటే రాసేది కాదు. కాఫీ పుట్టుకతో ఎవరికీ ఇష్టం ఉండదు, అలవాటు చేసుకుంటాం. మన వంటింటికి ఈ విద్య ఎప్పుడో తెలుసు. కాకరకాయలో బెల్లం, చింతపండు పులుసు పోస్తారు. ఉప్పు చేదును అణిచిపెడుతుంది, ఇది ప్రయోగాల్లో కూడా రుజువైంది. ఆ తరువాత మా ఇంట్లో క్యాబేజీ ఆగలేదు. సన్నగా తరిగి, నీళ్లలో ఒక పొంగు రానిచ్చి వార్చి, శనగపిండి వేసి పకోడీ చేసేదాన్ని. కొన్నిసార్లు పెరుగుపచ్చడి కలిపేదాన్ని. మొదట రెండు ముద్దలు, తరువాత నాలుగు. మారింది వంట కన్నా ఎక్కువగా నా మాట. "చేదేమిటే" అనడం మానేసి, "ఎంత చేదుగా ఉంది? కొంచెమా, చాలానా?" అని అడగడం మొదలుపెట్టాను. అడిగినప్పుడల్లా అది నిజమే చెప్పింది. కొన్నిసార్లు, "ఈ రోజు అంత లేదమ్మా" అనేది.

మీకు ఒక మనవి. పీటీసీ పొడి కోసం ఎక్కడా వెతకకండి. కాగితం మీద పూసేది అతి తక్కువ కాబట్టి ఫరవాలేదు గానీ, పొడి రూపంలో అది విషం, ప్రయోగశాలలో తప్ప ఉండకూడదు. మీ ఇంట్లో పరీక్షకు అది అవసరమే లేదు. ఈ వారంలో ఎప్పుడైనా క్యాబేజీ గానీ ముల్లంగి గానీ వండితే, అందరూ కంచాల ముందు కూర్చున్నాక ఒక్కొక్కర్నీ అడగండి, ఇందులో చేదు ఉందా అని. పెద్దవాళ్లను చివర అడగండి. ముందు చిన్నపిల్లల్ని అడగండి. వాళ్లు ఉందంటే, మీ నాలుకకు ఏమీ తెలియకపోయినా సరే, ఉందనే నమ్మండి.